ఇప్పనూనె తాగిన ఎలుకలు

నేను గదిలో అడుగుపెడితే ఎలుకలన్నీ లేచి నిలబడతాయి. ఈ మాట చాలామందికి చెప్పాను, కొందరు నమ్మారు కూడా. సారపాక కాగితం మిల్లుకు కర్ర తోలే లారీ డ్రైవర్లకైతే, నిలబడటమే కాదు, ముందుకాళ్ళు జోడించి నమస్కారం కూడా పెడతాయని చెప్పాను. నమస్కారం నేను కలిపింది. నిలబడటం మాత్రం నిజం. పొద్దున్నే మేత డబ్బా మూత చప్పుడు వినగానే ఆ తెల్ల ఎలుకలు వెనకకాళ్ళ మీద లేచి, గులాబీ ముక్కులు తీగల సందుల్లో పెట్టి గాలి పీలుస్తాయి. ఒక మనిషి వస్తే అన్ని ప్రాణాలు ఒక్కసారి లేచి నిలబడటం ఖమ్మంలో కలెక్టరు తర్వాత నాకే జరుగుతుందని నా నమ్మకం.

ఖమ్మం ఊరి చివర ఒక ఫార్మసీ కాలేజీ ఉంది. అందులో జంతువుల గది నా చేతిలో ఉంటుంది. కాగితం మీద నేను అటెండర్ని. ఊరికి పోయినప్పుడు మాత్రం, డాక్టర్ల పక్కన నిలబడి పనిచేస్తానని చెప్పుకుంటాను. అదీ తప్పు కాదు. వాళ్ళు సూది పట్టుకుంటే నేను ఎలుకను పట్టుకుంటాను. పట్టుకోవడమంటే తోక దొరకబుచ్చుకుని వేలాడదీయడం కాదు. అరచేయి దాని వీపు మీద మెల్లగా ఆనించి, బొటనవేలూ చూపుడువేలూ మెడకు చెరోవైపు పోనిచ్చి, అది భయపడేలోపే ఎత్తాలి. చెయ్యి వణికితే దానికి తెలిసిపోతుంది, వెంటనే కరుస్తుంది. నన్ను ఇంతవరకు ఒక్క ఎలుకా కరవలేదు. ఇది కలిపిన మాట కాదు. పాములైతే రెండుసార్లు కరిచాయి, పాపం రెండు పాములూ బతకలేదు. అది కలిపిన మాట.

నేను అబద్ధాలు చెబుతానని కాలేజీలో పేరుంది. అబద్ధమంటే ఎదుటివాణ్ణి ముంచేది. నేను చేసేది, ఎండిపోయిన నిజానికి కాస్త నూనె రాయడం. అలా రాసీ రాసీ ఒకరోజు నిజం చెప్పవలసి వచ్చినప్పుడు నా మాట జారిపోయింది. ఆ సంగతే చెబుతాను. ఇందులో నేను కలిపినవి ఎక్కడ ఉంటే అక్కడ చెప్పేస్తాను. మిగతాది మా అక్క కూతురి చదువు గురించి కాబట్టి దాని మీద నా చెయ్యి పడనివ్వను.

మా ఊరు భద్రాచలం దాటాక అడవి అంచున ఉంటుంది. మా అక్క అక్కడే ఉంటుంది. ఆమె కూతురు మా కాలేజీలోనే ఎం.ఫార్మసీలో చేరింది. మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అంత చదువు చదివిన ఆడపిల్ల ఇంకొకతె లేదు. తెల్లకోటు వేసుకుని, తోటి పిల్లల మధ్య నడుస్తూ కూడా, నేను ఎదురైతే "మామా" అని గట్టిగా పిలిచేది. ఆ పిలుపు కోసమే నేను పని లేకపోయినా వరండాలో నీళ్ళ క్యాను పట్టుకుని అటూ ఇటూ తిరిగేవాణ్ణి. ఆ ఏడాది నా క్యాను ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

రెండో ఏడు ప్రాజెక్టు చెయ్యాలి. మనిషికి వచ్చే జబ్బును ముందు ఎలుకకు తెప్పించి, దానికి ఏది పనిచేస్తుందో చూడటం ఆ ప్రాజెక్టు. మేతలో వనస్పతి, కొలెస్ట్రాల్ పొడి కలిపి కొన్ని వారాలు పెడితే ఎలుక రక్తంలో కొవ్వు పెరుగుతుంది. బొచ్చు జిడ్డుగా అవుతుంది, నడక నెమ్మదిస్తుంది, నన్ను చూసి నిలబడటానికి కూడా బద్ధకిస్తుంది. పిల్ల నాకు ఇంకో సంగతి చెప్పింది. కొవ్వు ముదిరిన ఒంట్లో మనం పీల్చే ప్రాణవాయువే ఎదురు తిరుగుతుందట. బయట వదిలేసిన గొడ్డలికి తుప్పు పట్టినట్టు, లోపల కాలేయానికీ రక్తనాళాలకూ తుప్పు పడుతుందట. మరి నా లోపల ఎంత తుప్పు ఉందని అడిగాను. నా పొట్ట వైపు ఒకసారి చూసి, ముందు ఎలుకల సంగతి తేలనీ మామా అంది.

నూనెలన్నీ ఒకటి కావనీ, ఒక్కో నూనెలో ఉండే కొవ్వు ఆమ్లాలు ఒక్కో తీరుగా నడుచుకుంటాయనీ ఆమే చెప్పింది. కొన్ని చలికి గడ్డకడతాయి, కొన్ని ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. అవిసె నూనెలో పారే రకం ఎక్కువ. కొవ్వు తగ్గడానికి అది మంచిదని ఇప్పటికే చాలామంది చూశారు, కాకపోతే గాలి తగిలితే తొందరగా చెడుతుంది. ఆమె మనసు మాత్రం అవిసె మీద లేదు. మా ఇళ్ళలో ఇప్ప గింజల నుంచి తీసే ఇప్పనూనె మీద ఉంది. మాకు కూరకూ దీపానికీ ఒంటికీ అదే నూనె. హాస్టల్లో చేరిన కొత్తలో ఆమె డబ్బా తెరిస్తే, గదిలో పిల్లలు ముక్కు మూసుకుని, దీపాల నూనెతో అన్నం తింటావా అని అడిగారట. అప్పుడు మూత పెట్టేసిందట. ఆ మూత తీయడానికే ఈ ప్రాజెక్టు అని నాకు అర్థమైంది.

ఆమెకు గైడుగా ఉన్న సారు మధిర వైపు మనిషి. మెత్తని మాట, మెత్తని మనసు. టేబులు మీద చిన్న వినాయకుడి బొమ్మ ఉంటుంది. ఏ ఎలుకకైనా సూది వేసేముందు కళ్ళు మూసుకుని ఆ ఎలుకకే దండం పెడతాడు. పిల్లలు చాటుగా నవ్వుకుంటారు గాని నాకు ఆయన మీద గౌరవం అక్కడే మొదలైంది. ఆయనకు ఇప్పనూనె మీద అనుమానం. చలికాలంలో సగం గడ్డకట్టే నూనె కొవ్వును ఎలా తగ్గిస్తుందని అడిగాడు. గడ్డకట్టేవన్నీ ఒకే రకం కావు సార్ అని పిల్ల చాలాసేపు చెప్పింది. చివరికి ఒప్పుకున్నాడు గాని షరతు పెట్టాడు. సగం దారిలో ఒకసారి రక్తం తీసి చూడాలి. ఇప్పనూనె ఎలుకల్లో ఏ మార్పూ కనబడకపోతే దాన్ని అక్కడితో ఆపేసి, అవిసె ఒక్కదానితోనే ప్రాజెక్టు ముగించాలి. అంటే ఇప్పనూనె ఉంటుందో పోతుందో ఆ ఒక్క రక్తపరీక్ష చెప్పాలి.

నూనె కోసం నేనూ పిల్లా ఊరికి పోయాం. అక్క ఇంట్లో పోయినేటి నూనె కుండలో ఇంకా ఉంది. ఎలుకలకు అది చాలు. కానీ పిల్ల వాసన చూసి తల అడ్డంగా తిప్పింది. ముక్కవాసన వచ్చిందంటే నూనెకే తుప్పు పట్టిందని అర్థమట. తుప్పు పట్టిన నూనె పోసి ఎలుకలో తుప్పు తగ్గిందా అని చూడటం బురదతో బట్ట ఉతకడమే అంది. కొత్త గింజలు అప్పటికే ఎండి ఉన్నాయి. అయితే మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కొత్త నూనె తీస్తే, మొదటి దీపం పెద్దలకు పెట్టి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పాకే ఎవరైనా ముట్టుకోవాలి. దానికి ఇంటివాళ్ళంతా రావాలి, వాళ్ళకు ఇంకో వారం పడుతుంది. ముందే కాస్త నూనె తీసి ఇవ్వమని నేను అడిగాను.

"కొత్తది దీపం పెట్టినంకనే ఇస్త. పాతది అసలే ఇయ్య," అంది అక్క. "నా బిడ్డ అంత పెద్ద చదువుల నా నూనె పెడ్తాంటే, గిట్ల తొందరపడి నన్ను చిన్న చెయ్యకు తమ్ముడా."

ఆగాం. అందరూ వచ్చారు. గింజలు దంచి, ఆవిరి పట్టించి, వెదురు బుట్టలో వేసి రెండు దుంగల మధ్య పెట్టి నొక్కితే నూనె సన్నగా, పసుపుగా దిగింది. మొదటి దీపం వెలిగింది. మా తాత పేరు, ముత్తాత పేరు, చిన్నప్పుడే పోయిన మా అన్న పేరు, అన్నీ చెప్పింది అక్క. తర్వాతి నూనెను పిల్ల గాజు సీసాల్లో పోసి, గాలి లేకుండా మూతలు బిగించింది. ఆ సీసాలు ఒళ్ళో పెట్టుకుని భద్రాచలం నుంచి ఖమ్మం దాకా బస్సులో కదలకుండా కూర్చున్నాను. పక్కసీటు ఆయన ఏందవి అని అడిగితే, గోదావరి అడుగు నుంచి తీసిన తేనె అని చెప్పాను. నమ్మాడు. కొంచెం పొయ్యమని కూడా అడిగాడు.

గదిలో పంజరాలు నాలుగు వరుసలుగా పెట్టాం. మొదటి వరుసకు మామూలు మేత. రెండో వరుసకు కొవ్వు మేత ఒక్కటే. మూడో వరుసకు కొవ్వు మేత, దానితో అవిసె నూనె. నాలుగో వరుసకు కొవ్వు మేత, ఇప్పనూనె. నాలుగోది ఆఖర్న వచ్చింది కాబట్టి తలుపు పక్కన చోటు దొరికింది. రోజూ పొద్దున నేను ఒక్కో ఎలుకను పట్టుకుంటే, పిల్ల మొద్దు మొన ఉన్న వంకర సూదితో నూనెను నోట్లోంచి కడుపులోకి దింపేది. ఆమె చెయ్యి కూడా వణకలేదు. ఇది మా రక్తంలో ఉన్న గుణమని సారుకు చెప్పాను. ఆయన తలూపాడు.

రక్తం తీసే రోజు వినాయక చవితి అయ్యాక రెండో రోజున అనుకున్నారు. ఆ రోజు రక్తం పరీక్షించే మిషన్ ఇంకొకరికి ఇచ్చేశారని తెలిసి, పిల్ల ఒకరోజు ముందుకు జరిపింది. అంటే చవితి తెల్లారే. సారుకు ఫోనులో మెసేజీ పెట్టింది. కొవ్వు సరిగ్గా తెలియాలంటే ఎలుకలు ముందురోజు సాయంత్రం నుంచి నీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. పండుగ పూట వాటి మేత తొట్లు నేనే తీసేశాను. తీస్తుంటే కొంచెం బాధ అనిపించింది. మా వీధిలో పందిరి వేసి వినాయకుణ్ణి పెట్టారు, అక్కడ అందరూ పులిహోర తింటుంటే నా ఎలుకలు పస్తులు.

మరునాడు తాళం తీసి డబ్బా మూత కొట్టాను. ఒక్కటీ లేవలేదు. ఊకలో ఒళ్ళు దాచుకుని, పొట్టలు ముందుకు పెట్టి పడుకున్నాయి. నాలుగో వరుసలోవైతే పెళ్ళి భోజనం చేసి అరుగు మీద వాలిన మగపెళ్ళివారిలా ఉన్నాయి. అదే మాట పిల్లతో అన్నాను. నవ్వింది. నేను రోజూ ఇలాంటివేవో చెబుతూనే ఉంటాను కదా. సీసాలు సర్దుకుని పని మొదలుపెట్టింది. రక్తం తీయడం అయిపోయింది.

లెక్కలు వచ్చిన రోజు ఆమె ముఖం నేను చూశాను. అన్ని వరుసల్లోనూ రక్తంలో కొవ్వు విపరీతంగా ఉంది. మామూలు మేత తిన్నవాటిలో కూడా ఉంది. అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఇప్పనూనె వరుసలో. సారు చవితి సాయంత్రమే రైలెక్కి అత్తగారింటికి పోయాడు, తిరిగి వచ్చేసరికి ఆ లెక్కలు టేబులు మీద ఉన్నాయి. మామూలు వరుస ఎందుకు పెరిగిందో ఆయనకూ అంతు పట్టలేదు, రక్తం తీయడంలోనో దాచడంలోనో ఏదో చెడి ఉంటుందన్నాడు. అవిసె వరుసను మళ్ళీ చూసుకోవచ్చు, దాని గురించి ముందే తెలుసు. కానీ అన్నిటికంటే పైన నిలిచిన ఇప్పనూనెను ఇంకా ఉంచడం కష్టమమ్మా అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు.

ఆ మధ్యాహ్నం ఆమె ఎలుకల గదికి వచ్చి, మిగిలిన నూనె సీసాలు ఒక సంచిలో పెట్టింది. అమ్మకు ఏమని చెప్పాలో తెలియట్లేదంది. అమ్మ ఊళ్ళో అందరికీ చెప్పేసిందట, మన నూనె కాలేజీకి పోయిందని.

"అమ్మ నూనెల తప్పు లేదని నాకు తెలుసు మామా. తెలిస్తే ఏం లాభం, చూపియ్యాలె కదా," అంది.

ఆమె పోయాక నేను చేతికి దొరికిన పని చేశాను. పంజరాల్లో ఊక మార్చే రోజు అది. తలుపు పక్క పంజరం వంచి ఊక దులిపితే అడుగున ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే తెల్లగా ఎండిన పిండి ముద్ద, అందులో ఒక శనగపప్పు బద్ద. ఎలుకలకు దాచుకునే అలవాటు ఉంది. కడుపు నిండాక మిగిలింది ఊక కింద పెడతాయి. ఇంకో పంజరం వంచాను. అక్కడా పప్పు బద్ద. మూడో వరుసలో తక్కువ, మొదటి వరుసలో ఇంకా తక్కువ. తలుపు దగ్గర మొదలుపెట్టి లోపలికి పోయేకొద్దీ పెట్టే చేతిలో సరుకు అయిపోయినట్టుంది. శనగపప్పు వేసి, నెయ్యి తగిలించి, చవితి నాడు ఖమ్మంలో ఇంటింటా చేసేది ఏదో చెప్పడానికి మిషన్ అక్కర్లేదు. నా ఎలుకలు పస్తు ఉండలేదు. ఉండ్రాళ్ళు తిన్నాయి.

పరుగున పోయి పిల్లకు చెప్పాను. మెట్ల మీద కూర్చుని ఉంది. తల కూడా ఎత్తలేదు.

"మామా, నీకు దండం పెడ్తా. ఇయ్యాల కథ చెప్పకు."

అంత మాట నన్ను ఇంతవరకు ఎవరూ అనలేదు. గుప్పిట తెరిచి పప్పు బద్దలు చూపించాను. అవి నీ జేబులోంచి రాలేదని ఎవరు నమ్ముతారు మామా అంది. నిజమే. కాలేజీలో నా మాట మీద పంజరం తలుపు కూడా తెరవరు. పైగా ఆ గది తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకటి నా మొలతాడుకు, రెండోది సారు సొరుగులో. నేను పెట్టలేదంటే పెట్టింది ఎవరో చెప్పినట్టే. దండం పెట్టకుండా ఎలుకను ముట్టని మనిషి ముందు నిలబడి ఆ మాట ఎలా అనడం?

సూటిగా చెప్పడం నాకు చేతకాదు. చేతనైన దారిలోనే పోయాను. ఊక, పప్పు ఒక కాగితంలో పొట్లం కట్టి సారు గదికి వెళ్ళాను. కలొచ్చింది సార్ అన్నాను. ఆయన కలం పక్కన పెట్టి నవ్వుతూ కుర్చీలో వెనక్కి వాలాడు. నా కథలు ఆయనకు ఇష్టం.

"వినాయకుడు వచ్చిండు సార్. మస్తు కోపంగ ఉన్నడు. నా బండి కదుల్తలేదు, పొట్టనిండ ఉండ్రాళ్ళు తిని కూసుంది, తెల్లారితే అది రక్తమిచ్చేది ఉంది, దానికి పెట్టింది ఎవరో చెప్పమని నన్ను పట్టుకున్నడు."

నవ్వు సగంలో ఆగింది. "రక్తం తీసింది ఆ మరునాడు కదా?" అన్నాడు.

"లేదు సార్. చవితి తెల్లారే తీసినం. మీకు మెసేజి పెట్టింది పిల్ల."

ఆయన ఫోను తీసి వేలితో పైకి జరుపుతూ పోయాడు. పండుగ శుభాకాంక్షల బొమ్మలు, రంగురంగుల వినాయకులు ఒకరి మీద ఒకరు దొర్లుకుంటూ పోయారు. వాళ్ళందరి కింద ఎక్కడో ఆమె మెసేజీ ఉంది, ఇంకా తెరవకుండా. నేను పొట్లం విప్పి టేబులు మీద, చిన్న వినాయకుడి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి పట్టుకున్నాడు.

"స్టేషనుకు పోతూ గదిలోకి వచ్చాను. తొట్లు ఖాళీగా ఉన్నాయి. పండుగ హడావుడిలో నువ్వు మేత వెయ్యడం మర్చిపోయావనుకున్నాను," అన్నాడు. "వినాయకుడి వాహనాలు పండుగ నాడు ఆకలితో ఉన్నాయని ప్రాణం ఒప్పలేదు. దారిలో తిందామని కట్టుకున్న ఉండ్రాళ్ళు పెట్టేశాను. నీ మీద మాట వస్తుందని ఎవరితోనూ అనలేదు."

ఆయన ఇన్ని రోజులూ దాచింది తన పొరపాటు కాదు, నాది అనుకున్న పొరపాటు. నేను ఆయన పేరు బయటపెట్టకుండా వినాయకుణ్ణి తెచ్చాను. ఆయన నా పేరు బయటికి రాకుండా నోరు మూసుకున్నాడు. ఇద్దరం ఒకరినొకరం కాపాడుకుంటుంటే మధ్యలో పిల్ల సంచి సర్దుకుంటోంది.

సారు లేచాడు. నేరుగా ల్యాబులోకి నడిచాడు. అక్కడ పిల్లతో పాటు తోటి విద్యార్థులంతా ఉన్నారు, హాస్టల్లో ముక్కు మూసుకున్నవాళ్ళు కూడా. గడపలోనే నిలబడి అందరికీ వినబడేలా చెప్పాడు.

"తప్పు నీ నూనెది కాదమ్మా. మా ఇంటి ఉండ్రాళ్ళది."

పెట్టింది తానేనని, ఎందుకు పెట్టాడో, ఎక్కడ పొరబడ్డాడో ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. వారం తర్వాత మళ్ళీ రక్తం తీద్దామన్నాడు. తన తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, అంతవరకు ఇది కూడా నీ దగ్గరే ఉంచు, నా చెయ్యి ఊరుకోదు అన్నాడు. ఆ వారం రెండు తాళంచెవులూ నా మొలతాడుకే వేలాడాయి. నేను నడుస్తుంటే గలగలమనేవి. అంత పెద్ద కాలేజీలో పెద్ద సారు తన పొరపాటు తానే చెప్పుకోవడం చూశాక, ఆ కాలేజీలో అటెండర్నని చెప్పుకోవడానికి ఇంకే మాటా కలపక్కర్లేదనిపించింది. డాక్టర్ల పక్కన నిలబడతానని చెప్పడం అప్పటి నుంచి మానేశాను. కొంచెం తగ్గించాను అనాలి.

రెండోసారి ఎలుకలు నిజంగానే పస్తు ఉన్నాయి. డబ్బా మూత కొట్టగానే మొదటి వరుస నుంచి నాలుగో వరుస దాకా అన్నీ లేచి నిలబడ్డాయి. ముందుకాళ్ళు జోడించాయని కూడా నాకు అనిపించింది. పిల్లను అడగండి, ఆమె లేదంటుంది. లెక్కలు వచ్చాయి. కొవ్వు మేత ఒక్కటే తిన్న వరుసతో పోలిస్తే ఇప్పనూనె వరుసలో కొవ్వు తగ్గింది. అవిసె అంత తగ్గలేదు, కానీ తగ్గింది. సారు ఆ కాగితం మీద వేలు పెట్టి, ఉంటుందమ్మా అన్నాడు. ఇప్పనూనె ఉండిపోయింది. పిల్ల సంచిలోంచి సీసాలు మళ్ళీ బయటికి తీసి అల్మారాలో వరుసగా పెట్టింది, పేరు కనబడేలా.

ఆఖరున కాలేయాలు చూడాలి. కాలేయం చూడాలంటే ఎలుక ప్రాణం తీయాలి, వాటి పని ముగిసే రోజు అది. సారు ప్రతి ఎలుకకూ దండం పెట్టాడు, ఈసారి పిల్లలెవరూ నవ్వలేదు. ఒక్కోదాన్ని నేనే పట్టుకున్నాను. ఏదీ కరవలేదు. కొవ్వు మేత వరుసలో తుప్పు ఎక్కువగా ఉంది. ఇప్పనూనె వరుసలో అది తక్కువ, ఇంచుమించు అవిసె దగ్గరికి వచ్చింది. అవిసె నూనెను మొదటి రోజు నుంచీ ఫ్రిజ్‌లో దాచాం, అక్క నూనె అల్మారాలోనే ఉండి కూడా చెడలేదు. మా అక్క పట్టుబట్టి ఆపిన ఆ వారానికి విలువ అప్పుడు తెలిసింది నాకు.

వైవాకు బయటి నుంచి వచ్చిన పెద్దాయన పిల్లను చాలా అడిగాడు. మొదటిసారి తీసిన రక్తం ఎందుకు పనికిరాలేదని కూడా అడిగాడు. ఆమె ఉన్నది ఉన్నట్టు చెబుతుంటే, పక్కనే కూర్చున్న సారు చెయ్యి ఎత్తి, ఆ ఉండ్రాళ్ళు పెట్టింది నేనే అన్నాడు. ఇది నేను గది బయట వరండాలో నిలబడి విన్నాను. నా చేతిలో క్యాను ఆ రోజు నిండుగానే ఉంది, ఎవరికీ పొయ్యడం గుర్తు రాలేదు.

ఊరికి పోయే ముందు పిల్ల నా చేత ఒట్టు వేయించుకుంది. ఎలుకల్లో జరిగింది ఎలుకలదే, మనుషుల సంగతి ఇంకా ఎవరూ చూడలేదు, కాబట్టి ఇప్పనూనె తాగితే గుండెజబ్బు పోతుందని ఎక్కడా చెప్పకూడదని. నాకు అంతకంటే కష్టమైన ఒట్టు లేదు. భద్రాచలం బస్సులో మా నూనె సంగతి వచ్చినప్పుడు పక్కనున్నవాళ్ళు నా వైపు వంగి చెవులు పెట్టారు. నోటి దాకా వచ్చింది. మింగేసి, కొవ్వు మేసిన ఎలుకల్లో కొవ్వు కొంత తగ్గింది, అంతే అన్నాను. వాళ్ళు నిరాశపడి కిటికీ వైపు తిరిగారు. నా జన్మలో నేను చెప్పిన కథల్లో అంత చిన్నది లేదు. కానీ అది చెప్పాక కూర్చున్నంత నిటారుగా నేను ఏ బస్సులోనూ కూర్చోలేదు.

మళ్ళీ కొత్త గింజలు ఎండాయి. దుంగల మధ్య నుంచి నూనె దిగింది. ఇంటివాళ్ళంతా వచ్చారు, ఈసారి తెల్లకోటు మడిచి బ్యాగులో పెట్టుకుని పిల్ల కూడా వచ్చింది. ఎలుకలు ఏమయ్యాయని అక్క అడిగింది. పిల్ల దాచకుండా చెప్పింది. అక్క వత్తి నూనెలో ముంచి మొదటి దీపం వెలిగించింది. తాత పేరు చెప్పింది, ముత్తాత పేరు, అన్న పేరు. ఆగింది.

"మా నూనె తాగిన ఎలుకలకు," అంది.

మా తాత బతికినన్నాళ్ళూ ధాన్యం గాదె చుట్టూ ఎలుకలకు బోనులు పెట్టినవాడు. ఇప్పుడు ఒకే దీపం ముందు వాటితో పాటు కూర్చోవలసి వచ్చింది. ఆయన ఏమనుకుంటాడో అని నేను నవ్వబోయాను గాని, పిల్ల తల వంచి రెండు చేతులూ జోడించి ఉంది. నేనూ జోడించాను.